తగ్గిన మార్కు ఎక్కడ తగులుతుంది?

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు అమలాపురంలోనైనా, రాజోలులోనైనా, కొత్తపేటలోనైనా ఇళ్లలో మొదట పుట్టే భయం ఒకటే: మార్కులు తగ్గాయి, మంచి కాలేజీలో సీటు వస్తుందా రాదా? ఊళ్లో దొరికే జవాబులు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. ఇంటర్ మార్కులు ఎవరూ చూడరు, ర్యాంకు ఉంటే చాలంటారు కొందరు. వెయిటేజీ ఉంది కాబట్టి మార్కులు పోతే ర్యాంకూ పోతుందంటారు ఇంకొందరు. 75 శాతం దాటకపోతే ఎన్ఐటీ ఆశ వదులుకోవాల్సిందేనంటారు మరికొందరు. వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. ఒక్కో మాట ఒక్కో ప్రవేశ పద్ధతికి, చాలాసార్లు ఒక్కో సంవత్సరానికి మాత్రమే సరిపోతుంది. నియమాలు ఎంత తరచుగా మారాయంటే, అన్నకు వర్తించినది రెండేళ్ల తర్వాత చెల్లెలికి వర్తించని సందర్భాలున్నాయి.

మార్కుల తగ్గుదల ఏ ప్రవేశాన్ని ఎంత దెబ్బతీస్తుంది, ఈ విషయంలో వాదాలు ఎలా పుట్టాయి, ఏవి ఇంకా తేలలేదు అన్నవి వరుసగా చూద్దాం.

## పీయూసీ నుంచి ఈఏపీసెట్ దాకా

తెలుగునాట పీయూసీ (ప్రీ-యూనివర్సిటీ కోర్సు) పోయి రెండేళ్ల ఇంటర్ వచ్చింది 1969-70లో. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది. ఇంజినీరింగ్, వైద్య విద్యలకు గిరాకీ పెరిగి, కాపిటేషన్ ఫీజుల మీద నిరసన ముదిరాక 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యాసంస్థల్లో ప్రవేశాలను నియంత్రిస్తూ, కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. ఉమ్మడి ప్రవేశ పరీక్షకు చట్టపరమైన పునాది అదే. ఇంజినీరింగ్, వైద్య ప్రవేశ పరీక్ష ఎంసెట్ ఆ పునాది మీదే నిలిచింది. డబ్బుతో కాకుండా ప్రతిభతో సీటు రావాలన్నది దాని ఉద్దేశం.

కాలం గడిచేకొద్దీ ఇంకో సమస్య తలెత్తింది. ప్రవేశ పరీక్షే సర్వస్వమైతే ఇంటర్ తరగతి గది ఖాళీ అవుతుందని, పిల్లలు కోచింగ్‌కే అంకితమవుతారని ఆందోళన మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలోనే ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వాటా కల్పించడం వెనక ఉన్న ఆలోచన అదే.

జాతీయ స్థాయిలోనూ ఇదే కథ నడిచింది. 2006లో ఐఐటీ ప్రవేశాలకు పన్నెండో తరగతిలో 60 శాతం ఉండాలన్న షరతు వచ్చింది. 2012లో బోర్డు మార్కులను కలిపి దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టాలని కేంద్రం ప్రతిపాదిస్తే కాన్పూర్ ఐఐటీ సెనేట్ ఎదురుతిరిగింది. చివరికి రాజీ కుదిరింది. 2013 నుంచి ఐఐటీలకు ఆయా బోర్డుల్లో పై 20 పర్సంటైల్‌లో ఉండటం అర్హతగా మారింది. ఎన్ఐటీల ర్యాంకుల్లో బోర్డు మార్కులకు 40 శాతం వాటా దక్కింది. ఆ వాటా నాలుగేళ్లే నిలిచింది. 2017లో దాన్ని తీసేసి, 75 శాతం మార్కులు లేదా పై 20 పర్సంటైల్ అన్న అర్హత షరతును మాత్రం ఉంచారు. షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఆ హద్దు 65 శాతం.

కొవిడ్ వచ్చి అన్నిటినీ తలకిందులు చేసింది. 2020 నుంచి 2022 దాకా ఐఐటీ, ఎన్ఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈలో 75 శాతం షరతును సడలించారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ పరీక్షలే రద్దయ్యాయి. పదో తరగతి మార్కులకు 30 శాతం, ఇంటర్ మొదటి సంవత్సరానికి 70 శాతం లెక్కగట్టి ఫలితాలిచ్చారు. ఆ ఏడాదే ఈఏపీసెట్‌గా పేరు మారిన ఎంసెట్‌లో ఇంటర్ వెయిటేజీని పక్కనపెట్టారు. 2022లోనూ అంతే. 2023లో ఆంధ్రప్రదేశ్ వెయిటేజీని తిరిగి తెచ్చింది. అదే 2023లో తెలంగాణ దాన్ని శాశ్వతంగా ఎత్తేసింది. ఒకప్పుడు ఒకే పరీక్షను పంచుకున్న రెండు రాష్ట్రాలు ఒకే ఏడాది ఎదురెదురు దారులు పట్టాయి.

## మూడు రకాల లెక్క

ఈ చరిత్రను వడగడితే మార్కులను చూసే పద్ధతులు మూడు తేలతాయి: మార్కును కలుపుకునేవి, మార్కును గడపగా పెట్టేవి, మార్కును అసలు చూడనివి. తగ్గిన మార్కు ఒక్కోచోట ఒక్కో రకంగా తగులుతుంది.

కలుపుకునే పద్ధతికి మన దగ్గర పెద్ద ఉదాహరణ ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్. చాలాకాలంగా ఉన్న పద్ధతిలో ఎంపీసీ విద్యార్థికి గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కలిపి రెండేళ్లకూ 600 మార్కులు. వాటిని 25కు కుదిస్తారు. ఈఏపీసెట్‌లోని 160 మార్కులను 75కు కుదిస్తారు. రెండూ కలిపి నూటికి వచ్చిన స్కోరును బట్టి ర్యాంకు. అంటే గ్రూపు సబ్జెక్టుల్లో 24 మార్కులు పోతే ఉమ్మడి స్కోరులో ఒక పాయింటు పోతుంది. 60 మార్కులు తగ్గితే పోయేది రెండున్నర పాయింట్లు. ఆ లోటు పూడాలంటే ఈఏపీసెట్‌లో ఐదారు ప్రశ్నలకు అదనంగా సరైన జవాబు రాయాలి. సెషన్ల మధ్య చేసే నార్మలైజేషన్ వల్ల ఈ లెక్క కొద్దిగా అటూఇటూ కావచ్చు. స్థూలంగా చూస్తే పదకొండు పైచిలుకు ఇంటర్ మార్కులు ఒక ఈఏపీసెట్ మార్కుతో సమానం.

వినడానికి ఇది చిన్న నష్టంలా ఉంటుంది. అయితే ఇటీవలి ఏళ్లలో మూడు లక్షలమందికి పైగా దరఖాస్తు చేస్తున్న పరీక్షలో మధ్య శ్రేణి స్కోర్ల దగ్గర విద్యార్థులు ఒత్తుగా గుమిగూడి ఉంటారు. అక్కడ ఒక్క పాయింటు తేడా ర్యాంకును చాలా దూరం నెట్టేస్తుంది. ఇంకో సంగతి ఉంది. బాగా చదివేవాళ్లలో చాలామంది ఇంటర్ మార్కులు పైస్థాయిలో దగ్గరదగ్గరగా ఉంటాయి. కాబట్టి మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లను వెయిటేజీ పెద్దగా పైకి లేపదు. జారినవాణ్ణి మాత్రం స్పష్టంగా కిందికి లాగుతుంది.

మొదటి సంవత్సరం తడబాటును తేలిగ్గా తీసుకోవడం తప్పన్నది కూడా ఈ లెక్కలోనే తెలుస్తుంది. పై పద్ధతిలో ఎంపీసీ గ్రూపు మార్కుల్లో మొదటి ఏడాదివి 270, రెండో ఏడాదివి 330. బైపీసీలో ప్రాక్టికల్స్ అన్నీ రెండో ఏడాదే కాబట్టి ఆ వాటాలు 240, 360. హాస్టల్లో కొత్తగా చేరి సర్దుకునే నెలల్లో పోయిన మార్కులు ఇంటర్ వాటాలో నలభై శాతం లేదా అంతకు పైగా ఉన్న భాగం నుంచే పోతాయి.

గడప పద్ధతిలో సంగతి వేరు. జేఈఈ మెయిన్ ద్వారా తాడేపల్లిగూడెం ఎన్ఐటీకి వెళ్లదలచినవారికి 92 శాతమైనా 76 శాతమైనా ఒకటే. 74 శాతమైతే, పై 20 పర్సంటైల్‌లో లేకపోతే, ఎంత మంచి ర్యాంకైనా అక్కరకు రాదు. ఈఏపీసెట్ గ్రూపు సబ్జెక్టులనే చూస్తుంది. జేఈఈ అర్హత లెక్కలోకి భాష కూడా వస్తుంది. గణితంలో నిలదొక్కుకుని ఇంగ్లిషునో తెలుగునో నిర్లక్ష్యం చేసిన విద్యార్థి ఈ గడప దగ్గర తడబడతాడు. వైద్య విద్యకు నీట్‌లోనూ గడపే ఉంది. భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం ఉంటే చాలు, ఆపైన నీట్ స్కోరే నిర్ణయిస్తుంది. పిలానీ బిట్స్ కథ విశేషమైనది. 2005లో సొంత పరీక్ష పెట్టేదాకా ఆ సంస్థ పన్నెండో తరగతి మార్కులతోనే సీట్లిచ్చేది. ఇప్పుడు వాటిని ప్రధానంగా అర్హతకే వాడుతోంది.

మూడో పద్ధతి తెలంగాణ ఈఏపీసెట్‌ది. ఉత్తీర్ణత, కనీస అర్హత ఉంటే చాలు, ఇంటర్ మార్కు ర్యాంకులో కలవదు.

నాణేనికి రెండో వైపు, ప్రవేశ పరీక్ష లేకుండా మార్కులతోనే నడిచే ప్రవేశం ఒకటుంది. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే జనం మాటలో ట్రిపుల్ ఐటీ, ఆరేళ్ల సమీకృత బీటెక్‌కు పదో తరగతి మార్కులనే ప్రమాణంగా తీసుకుంటుంది. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి వెనుకబాటు స్కోరు పేరుతో అదనంగా 4 శాతం కలుపుతారు. కొవిడ్ వల్ల పదో తరగతి పరీక్షలు జరగని 2020, 2021లలో మాత్రం ప్రవేశ పరీక్ష పెట్టారు. పదిలో జారిన మార్కు నేరుగా, పూర్తిగా తగిలే పేరున్న ప్రవేశం ఇదే.

## కోనసీమ లెక్క

గౌతమి, వశిష్ట, వైనతేయ పాయల మధ్య ఉన్న ఈ నేలకు చదువు కొత్తది కాదు. అమలాపురంలో ఎస్.కె.బి.ఆర్. కళాశాల 1951 నుంచి ఉంది. ఓడలరేవులో ఇంజినీరింగ్ కాలేజీ, అమలాపురంలో వైద్య కళాశాల ఉన్నాయి. అయినా పిల్లలు గురిపెట్టేది కాకినాడ జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఇంకా పైన ఎన్ఐటీ, ఐఐటీల మీద. వాటికి దారితీసే గట్టి కోచింగ్ ఎక్కువగా విజయవాడ, రాజమహేంద్రవరం లాంటి నగరాల హాస్టళ్లలో ఉంది. పెట్టుబడి పెట్టగల ఇల్లు పిల్లవాణ్ణి ఏరు దాటిస్తుంది. పెట్టలేని ఇంటి పిల్ల ఊరి దగ్గరి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరుతుంది.

ఈ తేడా వెయిటేజీ చర్చకు కొత్త అర్థం ఇస్తుంది. బోర్డు పరీక్ష పాఠ్యపుస్తకంతో, లెక్చరర్ చెప్పిన పాఠంతో గెలవదగినది. ప్రవేశ పరీక్షకు వేగం, మాక్ టెస్టులు, వేలకొద్దీ ప్రశ్నల సాధన కావాలి. వాటికి ఖర్చవుతుంది. పేద ఇంటి విద్యార్థి చేతిలో ఉన్న చవకైన ఆయుధం బోర్డు మార్కే. అందుకే ఆ మార్కు తగ్గితే ఆ ఇంటికి తగిలే దెబ్బ పెద్దది.

మార్కు తగ్గడానికి కారణం ప్రతిసారీ బద్ధకం కాదు. విద్యా సంవత్సరం మొదలైన వారాల్లోనే గోదావరికి వరద వస్తుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి లంక గ్రామాలు నీటిలో ఉండిపోయాయి. అంతకు ముందు మే నెలలో, కోనసీమ జిల్లా పేరు మార్పుపై అల్లర్ల తర్వాత, జిల్లాలో కొన్ని రోజులు మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఆ ఏడాది ఈఏపీసెట్ జులై మొదట్లో జరిగింది. ఇంటర్ వెయిటేజీ లేదు. బరువంతా ఒక్క పరీక్ష మీదే పడింది. ఆన్‌లైన్ పాఠాల మీద ఆధారపడ్డ విద్యార్థికి ఇంటర్నెట్ లేకుండా పోయిన ఆ రోజులు ఎంత విలువైనవో చెప్పనక్కర్లేదు. తల్లి గల్ఫ్‌లో పనిచేస్తుంటే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు రాజోలు ప్రాంతంలో కొత్త కాదు. ఇలాంటి సందర్భాన్ని చూసే గడి దరఖాస్తులో ఎక్కడా ఉండదు. మన పద్ధతులు మొత్తం మార్కును కూడతాయి. ఆ మార్కు ఎందుకు, ఎప్పుడు పడిందో అడగవు.

సీటు పోతే పోయేది కాలేజీ పేరొక్కటే కాదు. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో కన్వీనర్ కోటా 70 శాతం, యాజమాన్య కోటా 30 శాతం. 2008 నుంచి వివిధ పేర్లతో నడుస్తున్న ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా మీదే ఆధారపడింది. ర్యాంకు జారి అనుకున్న కాలేజీలో కన్వీనర్ సీటు చేజారితే, అదే కాలేజీలో ఆ కుటుంబం మొత్తం ఫీజు సొంతంగా భరించాలి. రెండున్నర పాయింట్ల లోటు నాలుగేళ్ల అప్పుగా మారే దారి ఇది.

## వాదాలు, ప్రతివాదాలు

మొదటి వర్గం బోర్డు మార్కులకు వాటా ఉండి తీరాలంటుంది. రెండేళ్ల చదువు మూడు గంటల పరీక్ష కన్నా నమ్మదగిన కొలత అన్నది వీరి ప్రధాన వాదం. జ్వరం వచ్చిన ఒక్క రోజు జీవితాన్ని నిర్ణయించకూడదని, వెయిటేజీ తీసేస్తే ప్రయోగశాల, వ్యాసరూప జవాబు, హాజరు అన్నీ నామమాత్రం అవుతాయని అంటారు.

రెండో వర్గం ఒకే ప్రమాణం చాలంటుంది. రాష్ట్ర బోర్డు, సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ మూల్యాంకనాలు వేర్వేరు. వాటిని ఒకే త్రాసులో వేస్తే ఏదో ఒక వర్గానికి అన్యాయం జరుగుతుందని వీరు అంటారు. బోర్డు మూల్యాంకనంలో పొరపాట్లు జరగవా అని కూడా అడుగుతారు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు బయటపడి, ఫెయిలైన వారందరి పత్రాలనూ తిరిగి పరిశీలించాల్సి వచ్చింది. విద్యార్థుల ఆత్మహత్యలతో రెండు తెలుగు రాష్ట్రాలూ కలత చెందిన వేసవి అది. అలాంటి మార్కుకు ర్యాంకులో వాటా ఇవ్వడం ప్రమాదమని ఈ వర్గం నమ్మకం.

మూడో వర్గం సర్దుబాటు కోరుతుంది. మార్కును నేరుగా కలపకుండా, ఆ బోర్డులో విద్యార్థి స్థానాన్ని చూడాలని లేదా చదివిన పాఠశాల పరిస్థితిని బట్టి అదనపు మార్కు ఇవ్వాలని వీరి సూచన. 20 పర్సంటైల్ నియమం, ట్రిపుల్ ఐటీ వెనుకబాటు స్కోరు ఈ ఆలోచన నుంచే వచ్చాయి. దీని బలహీనత ఏమిటంటే, అందరూ పైన గుమిగూడిన బోర్డులో నాలుగు మార్కులు తగ్గినా పర్సంటైల్ చాలా పడిపోతుంది.

## పొరుగు అనుభవం

తమిళనాడు 2007లో ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షను ఎత్తేసి పూర్తిగా ప్లస్‌టూ మార్కులకు మళ్లింది. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు 2020లో వైద్య విద్యలో, తర్వాత ఇంజినీరింగ్‌లో 7.5 శాతం సీట్లు కేటాయించింది. మార్కులే ప్రమాణమైనా పాఠశాలల మధ్య అంతరం చెరిగిపోదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

కర్ణాటక, కేరళ సగం బోర్డు మార్కులు, సగం ప్రవేశ పరీక్ష అన్న పద్ధతిలో నడుస్తున్నాయి. 2022లో కర్ణాటకలో మళ్లీ పరీక్ష రాసినవారి కొవిడ్ నాటి మార్కులు పట్టించుకోకపోతే వివాదం హైకోర్టుకెక్కింది. 2025లో కేరళ మార్కుల సమీకరణ సూత్రాన్ని చివరి నిమిషంలో మార్చితే, హైకోర్టు ఆ ర్యాంకుల జాబితానే కొట్టేసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 2021లో కొన్ని కోర్సుల కటాఫ్ 100 శాతానికి చేరింది. మరుసటి ఏడాదే అక్కడ ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చింది.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలది ఇంకో తరహా అనుభవం. అక్కడి పేరున్న కాలేజీలు నాలుగేళ్ల మార్కుల ధోరణిని చూస్తాయి. తగ్గుదలకు కారణం రాసుకునే వీలుంటుంది. ప్రవేశం ఇచ్చాక కూడా చివరి ఏడాది మార్కులు బాగా పడిపోతే దాన్ని వెనక్కి తీసుకునే అధికారం కాలేజీకి ఉంటుంది. టెక్సాస్ 1997లో ప్రతి హైస్కూలులోని పై 10 శాతం విద్యార్థులకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశ హక్కు ఇస్తూ చట్టం చేసింది. కొవిడ్‌లో శాట్ స్కోరును పక్కనపెట్టిన మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2022లో దాన్ని మళ్లీ తప్పనిసరి చేసింది. మార్కులా, పరీక్షా అన్న తగువు ఎక్కడా తేలలేదు.

## ఒక్క చూపులో

— ట్రిపుల్ ఐటీ: పదో తరగతి మార్కే ప్రమాణం. తగ్గుదల పూర్తిగా తగులుతుంది. ప్రభుత్వ పాఠశాల విద్యార్థికి 4 శాతం ఊరట ఉంది.

— ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్: గ్రూపు మార్కులకు పాతిక శాతం వాటా. దెబ్బ చిన్నదే గానీ మధ్య శ్రేణి ర్యాంకుల్లో పెద్దదిగా కనిపిస్తుంది.

— జేఈఈ మెయిన్, అడ్వాన్స్‌డ్: 75 శాతం లేదా పై 20 పర్సంటైల్ గడప. పైన ఉన్నంతవరకు నష్టం లేదు. కిందికి జారితే దారి మూసుకుపోతుంది.

— నీట్: 50 శాతం గడప. మంచి విద్యార్థికి సాధారణంగా అడ్డు కాదు.

— తెలంగాణ ఈఏపీసెట్: ఇంటర్ మార్కు ర్యాంకులో కలవదు.

— డిగ్రీ ప్రవేశాలు: ఇంటర్ మార్కుల ప్రతిభే ఆధారం. తగ్గుదల నేరుగా తగులుతుంది.

## తేలని ముడులు

మొదటిది, వెయిటేజీ పేద విద్యార్థికి మేలు చేస్తుందా, కీడా? చవకైన ఆయుధం అన్న వాదన బలమైనదే. అదే సమయంలో కార్పొరేట్ కాలేజీలు బోర్డు పరీక్షకూ అంతే కఠినంగా తర్ఫీదు ఇస్తున్నాయి కాబట్టి ఆ ఆయుధం ఇద్దరి చేతుల్లోనూ ఉంది. జిల్లావారీగా, కాలేజీ రకాన్ని బట్టి వెయిటేజీ ఎవరి ర్యాంకును ఎటు కదిలించిందో రాష్ట్ర ఉన్నత విద్యామండలి విడమరిచి ప్రకటిస్తే ఈ చర్చ ఊహల నుంచి బయటపడుతుంది.

రెండోది, మొదటి సంవత్సరం విలువ. 2025 జనవరిలో ఇంటర్ బోర్డు మొదటి ఏడాది పబ్లిక్ పరీక్షలను ఎత్తేసే ప్రతిపాదన తెచ్చి, తర్వాత వెనక్కి తగ్గింది. 2025-26లో చేరినవారికి ఎన్‌సీఈఆర్‌టీ ఆధారిత సిలబస్ వచ్చింది. గణితం రెండు పేపర్లు ఒకటయ్యాయి. పైన చెప్పిన 600 మార్కుల లెక్కను వీరికోసం తిరగరాయాల్సిందే.

మూడోది, రెండో అవకాశం. ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష, రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ మన పద్ధతిలో ఉన్నాయి. జారినవారికి ఉన్న నిచ్చెన ఇదొక్కటే. వాటి తేదీలు కౌన్సెలింగ్ తేదీలతో కుదిరినప్పుడే ఆ నిచ్చెన పనికొస్తుంది.

ఇన్ని వాదాల్లో ఎవరు గెలిచినా ఒక కనీస న్యాయం అందరికీ దక్కాలి. కేరళ, కర్ణాటక కోర్టుల దాకా వెళ్లిన వివాదాల్లో, 2021 తర్వాత మన రాష్ట్రంలో వచ్చిన మార్పుల్లో విద్యార్థిని ఎక్కువ బాధపెట్టింది వాటా ఎంతన్నది కాదు. చదువు సగంలో ఉండగా నియమం మారడమే వారికి భారమైంది. పదిహేనేళ్ల పిల్ల కొత్తపేటలో ఇంటర్ దరఖాస్తు నింపేనాటికే, రెండేళ్ల తర్వాత తన ఏ మార్కుకు ఎక్కడ ఎంత విలువ ఉంటుందో రాతపూర్వకంగా తెలియాలి. వాటా 25 శాతమైనా, సున్నా అయినా, ఆ బ్యాచ్ బయటికి వచ్చేదాకా అది మారకూడదు. కొవిడ్ లాంటి విపత్తు వచ్చినప్పుడు మార్చక తప్పకపోవచ్చు. అప్పుడు కూడా మార్పు నష్టపోయేవారి వైపు మొగ్గాలి. తగ్గిన మార్కును తిరిగి తెచ్చుకునే ఓపిక పిల్లల దగ్గర ఉంది. ఏ గడప ఎంత ఎత్తుందో ముందుగా చెప్పే బాధ్యత పెద్దలది.